సూదిమొనతో వ్రాసిన పేర్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమనగానే కాగితము, సిరా, అట్ట మనస్సునకు వచ్చును. కాని లోకమున అక్షరము కాగితము మీదనే నిలువలేదు. తాటియాకు మీద గంటము వ్రాసినది. రాతి మీదను, రాగిరేకు మీదను ఉలి వ్రాసినది. బట్ట మీద సూది వ్రాసినది. రాతిని, రాగిని, ఆకును చదువుటకు పండితులు పూనుకొని చాలకాలమైనది. అందు రాజుల పేర్లు, దాతల పేర్లు, కవుల పేర్లు కలవు. సూది వ్రాసిన దానిలో నున్నవి ఎనిమిదేండ్ల, పదేండ్ల, పండ్రెండేండ్ల ఆడపిల్లల పేర్లు. వానిని శ్రద్ధగా చదువవలెనను తలంపు విద్వాంసులకు కలిగి ఒక నూరేండ్లకు కొంచెము పైబడినది. ఇంగ్లండు, స్కాట్లండు, అమెరికా దేశముల బాలికలు పాఠశాలలలో కూర్చుండి కుట్టిన అట్టి బట్టల చరిత్రయు, వానిని పరిశోధించి ప్రదర్శించిన వారి కృషియు నేటి ప్రసంగ విషయము.

ఇంగ్లీషున ఈ బట్టను ‘శాంప్లరు’ అందురు. ఉదాహరణమను అర్థము గల లాటిను మాటనుండి పుట్టిన పేరిది. మొదట ఇది నిజముగనే మాదిరిగుడ్డ. కుట్టుపని నమూనాలు అచ్చయిన పుస్తకములు అరుదుగా ఉన్న 16వ శతాబ్దమున, చేయి తిరిగిన స్త్రీ ఒక క్రొత్త లతగాని, పువ్వుగాని, అంచుగాని కంటబడినప్పుడు దానిని ఒక పొడవైన అవిసెనార బట్ట మీద కుట్టి ఉంచుకొనెడిది. చుట్టచుట్టి పెట్టెలో దాచి, కావలసినపుడు విప్పి చూచుకొనెడిది. మన ఇండ్లలో ఆడువారు ముగ్గుల పుస్తకమును దాచుకొనుట వంటిదే ఇదియును.

తేదీ కుట్టబడి నేటికిని నిలిచియున్న ఇంగ్లీషు శాంప్లరులలో మొదటిదిగా తెలిసినది 1598వ సంవత్సరపుది. కుట్టినది జేన్ బోస్టాక్. అది లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో ఉన్నది. అందు లతలు, జంతువులు, అక్షరమాల కలవు. అవి గాక ఆలిస్ లీ అను శిశువు 1596 నవంబరు 23వ తేదీన పుట్టినదని కూడ సూదితో వ్రాయబడి ఉన్నది. ఒక బిడ్డ పుట్టిన దినమును గుర్తుంచుకొనుటకు కాగితమునకు బదులు బట్టను నమ్మిన చేయి అది. ఆ నమ్మకము వమ్ము కాలేదు. నాలుగు శతాబ్దములు దాటినను ఆ తేదీ చెరగలేదు.

అమెరికాలో తయారై, చేసినవారి పేరు గల శాంప్లరులలో మొదటిదిగా తెలిసినది లోరా స్టాండిష్ అను బాలికది. ఆమె తండ్రి మైల్స్ స్టాండిష్ 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చి ప్లిమత్తు వలసకు సేనానియైన వాడు. 1653 ప్రాంతమున కుట్టబడినదని తలంపబడుచున్న ఆ సన్నని పొడవాటి బట్ట మసాచుసెట్సు రాష్ట్రమందలి ప్లిమత్తు పట్టణములో, పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియమున భద్రముగా ఉన్నది. లోరా చిన్న వయసుననే కన్నుమూసెను. తండ్రి తన మరణశాసనమున, తనను ఆ కూతురి సమాధి చెంతనే పాతిపెట్టవలెనని కోరెను. తండ్రి దుఃఖము మరణశాసనములో దొరకుచున్నది. బిడ్డ చేతిపని ఈ బట్టలో దొరకుచున్నది. ఒకటి లేనిదే రెండవది సగమే అర్థమగును.

18వ శతాబ్దము నాటికి శాంప్లరు పెట్టెలోనుండి గోడమీదికి వచ్చెను. అది పెద్దలు దాచుకొను మాదిరి గాక, పాఠశాలలో బాలిక తన చదువు ముగిసినదని చూపు నిదర్శనమయ్యెను. పొడవు తగ్గి చతురస్రమయ్యెను. పై వరుసలలో అక్షరమాల, దాని క్రింద అంకెలు, ఆపైన ఒక నీతిపద్యము, ఒక ఇల్లు, రెండు చెట్లు, నాలుగు పక్షులు, చుట్టును పూలతీగ, అడుగున బాలిక పేరు, వయస్సు, ఊరు, సంవత్సరము—ఇది వాడుకలోని ఏర్పాటు. కొన్నిటిలో ఉపాధ్యాయిని పేరు కూడ కలదు. తల్లిదండ్రులు దానిని చట్రము కట్టించి, వచ్చిన చుట్టములకు చూపుటకై ముందు గదిలో వ్రేలాడదీసెడివారు.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. ఆ కాలమున చదువుట వేరు, వ్రాయుట వేరు. ముఖ్యముగా అమెరికాలోని న్యూ ఇంగ్లండు వలసలలో బైబిలు చదువుకొనుటకై ఆడపిల్లలకు చదువుట నేర్పెడివారు. వ్రాత వర్తకమునకును వ్యవహారమునకును పనికివచ్చు విద్యగాన అది ప్రధానముగా మగపిల్లల పాలయ్యెను. ఆడపిల్ల చేతికి కలమునకు బదులు సూది వచ్చెను. ఆ కారణమున ఎందరో స్త్రీలు పెద్దవారైన పిదప దస్తావేజుల మీద చేవ్రాలు చేయలేక నిశాని పెట్టవలసివచ్చెను. మన పూర్వుల దస్తావేజులలో నిశానులు, వేలిముద్రలు చూచినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. అక్షరములు కుట్టుటకు ఆ బాలికలు ఎక్కువగా వాడినది రెండు పోగులు ఒకదానినొకటి ఏటవాలుగా దాటిపోవు కుట్టు. లెక్కలలో గుణకారపు గుర్తు వంటిది. నిశానియు ఆ గుర్తే. ఒంటరిగా నున్నప్పుడు ఆ గుర్తు పేరు వ్రాయలేని తనమునకు చిహ్నము. వందలకొలది వరుసలో నిలిచినపుడు అదియే పేరయ్యెను.

ఈ అక్షరములు నేర్పుటలో సరస్వతీపూజ కంటె సంసారపు అవసరమే ఎక్కువ. కలవారి ఇండ్లలో దుప్పట్లు, తువ్వాళ్లు, చొక్కాలు డజనుల లెక్కన ఉండెడివి. తప్పిపోకుండుటకై ప్రతి బట్టమీదను యజమాని పేరులోని పొడి అక్షరములు, ఒక సంఖ్య కుట్టబడి ఉండెడివి. మన చాకలి గుర్తు వంటిదే ఇది. ఈ పని వచ్చిన పిల్లకు పెద్ద ఇండ్లలో కొలువు దొరకెడిది. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున జార్జి ముల్లర్ స్థాపించిన అనాథాశ్రమపు బాలికల శాంప్లరులు దీనికి మంచి సాక్ష్యము. తెల్లని బట్ట మీద ఎక్కువగా ఎఱ్ఱ దారముతో, అతి చిన్న అక్షరములతో, పలు తీరుల అక్షరమాలలు వరుసలు వరుసలుగా నిండియుండును. అనాథబాలికకు ఆ బట్టయే యోగ్యతాపత్రము. తల్లి లేని పిల్ల దానిని చూపి పనిమనిషిగా చేరవలెను. ఆ కుట్టులో వంకర ఉండుటకు వీలు లేదు.

సంపన్నుల బిడ్డల పాఠశాలలలో పని వేరు తీరున సాగెను. అమెరికాలో రోడ్ ఐలండు రాష్ట్రపు ప్రావిడెన్స్ నగరమున మేరీ బాల్చ్ అను ఉపాధ్యాయిని నడిపిన పాఠశాల బాలికలు తమ నగరపు శాసనసభా భవనమును, కళాశాల భవనమును పట్టుదారములతో చిత్రించిరి. పెన్సిల్వేనియాలో క్వేకరు మతస్థులు 1799లో స్థాపించిన వెస్ట్‌టౌన్ పాఠశాలలో బాలికలు పట్టుగుడ్డతో గోళములనే తయారుచేసి, వాని మీద అక్షాంశ రేఖాంశములు, ఖండముల ఎల్లలు దారముతో గీసిరి. ఖగోళము మీద నక్షత్రములను అమర్చిరి. భూగోళశాస్త్రము సూదితో నేర్చిన పిల్లలు వారు. క్వేకరు బడులలోనే రఫూ పని శాంప్లరులు కూడ కలవు. మంచి బట్టను కావలెనని కత్తిరించి, ఆ చిల్లును నేతకు నేత కలియునట్లు పూడ్చుట ఆ పరీక్ష. అందమునకన్న పొదుపు మిన్న అను బోధ అందున్నది.

నల్లజాతి బాలికల చేతిపనులు కొద్దిగా మాత్రమే మిగిలినవి. కావుననే వాని విలువ ఎక్కువ. న్యూయార్కులో బానిసత్వ విమోచన సంఘమువారు 1787లో నెలకొల్పిన ఆఫ్రికన్ ఫ్రీ స్కూలులో రోజీనా డిసరీ అను బాలిక 1820లో ఒక శాంప్లరును కుట్టి, దానిమీద తన పేరుతోపాటు పాఠశాల పేరును కూడ నిలిపినది. ఆ రాష్ట్రమున బానిసత్వము పూర్తిగా తొలగినది 1827 జూలై 4న. అనగా ఆ బాలిక సూది పట్టిననాటికి ఆ నగరమున తన జాతివారు ఇంకను కొందరు ఒకరి సొత్తుగా ఉండిరి. మేరీలాండు రాష్ట్రపు బాల్టిమోరులో నల్లజాతి సన్యాసినులు 1828లో ఆరంభించిన పాఠశాలలో మేరీ పెట్స్ అను బాలిక 1831లో కుట్టిన శాంప్లరు కూడ నిలిచియున్నది. ఆ రాష్ట్రమున బానిసత్వము 1864 వరకు పోలేదు. దక్షిణ కారొలైనాలోనైతే బానిసలకు వ్రాత నేర్పుట నేరమని 1740లోనే శాసనము చేయబడెను. అట్టి దేశములో నల్లని చేయి తన పేరును తాను కుట్టుకొనుట చిన్న సంగతి కాదు.

ఇక పరిశోధన సంగతి. మార్కస్ హ్యూష్ అను ఆయన 1900లో శాంప్లరులను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆ యేడే లండనులోని ఫైన్ ఆర్ట్ సొసైటీలో వాని ప్రదర్శనమును జరిపెను. అంతవరకు అటకల మీదను, ముదుసళ్ల పెట్టెలలోను ఉన్న గుడ్డలను చూచుటకు జనులు వచ్చిరి. 1921లో ఎథెల్ స్టాన్‌వుడ్ బోల్టన్, ఈవా జాన్‌స్టన్ కో అను ఇద్దరు స్త్రీలు అమెరికన్ శాంప్లరుల పట్టికను గ్రంథముగా వెలువరించిరి. ఇంటింట ఉన్నవానిని విచారించి, పేరు, వయస్సు, సంవత్సరము, కుట్టుల రకము వివరముగా చేర్చిరి. 1993లో బెటీ రింగ్ రెండు సంపుటముల గ్రంథముతో ఈ శాస్త్రమునకు గట్టి పునాది వేసెను. ఒకే తీరు అంచు, ఒకే తీరు ఇల్లు, ఒకే పద్యము గల శాంప్లరులను ఒకచోట చేర్చి పోల్చినచో వాని వెనుక ఒకే పాఠశాల, ఒకే ఉపాధ్యాయిని కనబడుననుట ఆమె ఆచరించి చూపిన మార్గము. ఆ నాటి పత్రికలలో ఉపాధ్యాయినులు వేసిన ప్రకటనలు దానికి తోడ్పడెను. ఆ విధముగా, పిల్లల పేర్లతోపాటు, మరపున బడిన పంతులమ్మల పేర్లు కూడ వెలికివచ్చెను.

ఈ వెదకుటలోని కష్టమును తెలిసికొనవలెనన్న ఒక్క ఉదాహరణ చాలును. అమెరికా జనాభా లెక్కలు 1790లో మొదలైనవి. కాని 1840 వరకు ఆ పట్టికలలో ఇంటి యజమాని పేరు మాత్రమే వ్రాసిరి. తక్కినవారు అంకెలు. ఇంట నున్న ప్రతి స్వేచ్ఛాజీవి పేరును వ్రాయుట 1850లో గాని ఆరంభము కాలేదు. కనుక 1810లో పదేండ్ల పిల్ల సర్కారు లెక్కలో ఒక గీత. శాంప్లరు మీదనో, ఆమె పేరు, వయస్సు, ఊరు పూర్ణముగా ఉన్నవి. పిదప పెండ్లియై ఇంటిపేరు మారును. చర్చి పుస్తకములు, పెండ్లి దాఖలాలు, మరణశాసనములు, సమాధిరాళ్లు గాలించి ఆ పిల్ల ఏ గృహిణియైనదో పరిశోధకులు కనుగొనవలెను. స్కాట్లండు శాంప్లరులలో తల్లిదండ్రుల, తోబుట్టువుల పొడి అక్షరములు వరుసగా కుట్టు వాడుక ఉండుటచేతను, అక్కడి స్త్రీలు పెండ్లి పిదప కూడ పుట్టినింటి పేరును విడువకుండుటచేతను పని కొంత సులువగును. ఎడింబరోలోని స్కాట్లండు జాతీయ మ్యూజియములో 2018లో ఆరంభమైన శాంప్లరుల ప్రదర్శనము ఇట్టి కుటుంబ కథల మీదనే నిలిచెను. కొన్ని శాంప్లరులలో సంవత్సరమున్న చోట దారములు ఊడదీసిన చిల్లులు మాత్రమే ఉండును. పెరిగి పెద్దయైన స్త్రీ తన వయస్సు ఇతరులు లెక్కింపకుండుటకై ఆ అంకెలను తానే విప్పివేసినదన్నమాట! పరిశోధకునకు కోపము వచ్చినను నవ్వక తప్పదు.

ప్రదర్శించుటలో మరియొక కష్టము కలదు. పట్టుదారపు రంగులకు వెలుతురే శత్రువు. గోడమీద వేలాడిన శాంప్లరు ముందువైపు వెలిసి పోవును. చట్రము విప్పి వెనుక చూచినచో కుట్టిననాటి ఆకుపచ్చయు, గులాబిరంగును కన్నులు మిరుమిట్లు గొలుపును. ఇనుము చేరిన నల్లని, గోధుమ రంగు అద్దకములు దారమునే తినివేయును. అందుచేతనే కొన్నిటిలో నల్లదారముతో కుట్టిన గీతలు రాలిపోయి, సూది గ్రుచ్చిన రంధ్రములే మిగిలియున్నవి. పాతకాలపు చట్రముల వెనుక చెక్కలోని పులుపు కూడ బట్టను పసుపుబార్చును. ఆ కారణములచేత మ్యూజియములవారు ఇట్టివానిని మందపు వెలుతురులో, సాధారణముగా 50 లక్సులకు మించకుండ, కొన్ని నెలలు మాత్రము చూపి మరల చీకటి సొరుగులలో పెట్టుదురు. చూపక దాచినచో ఎవరికిని తెలియదు, చూపినచో నశించును. ఈ రెంటి నడుమ తూకము నిలుపుటయే ప్రదర్శకుల ధర్మము.

కాని అన్నిటికంటె లోకుల హృదయమును కదలించిన శాంప్లరులో పూలు లేవు, పక్షులు లేవు, ఇల్లు లేదు. అది ఇంగ్లండులో ససెక్సు ప్రాంతపు ఆష్‌బర్న్‌హామ్ గ్రామమున 1813లో ఒక కూలివాని ఇంట పుట్టిన ఎలిజబెత్ పార్కర్ అను యువతిది. సుమారు 1830లో ఆమె తెల్లని బట్ట మీద ఎఱ్ఱ పట్టుదారముతో తన జీవితమును కుట్టుకొనెను. తనకు వ్రాయుట రాదు గనుక ఇట్లు చెప్పుచున్నానని మొదలిడినది. చిన్ననాడే పనిమనిషిగా కొలువునకు పోయి, యజమానుల చేత తాను పొందిన క్రూరత్వమును చెప్పినది. ప్రాణము తీసికొనవలెనను తలంపు తనకు కలిగినదని, ఒక వైద్యునితో తన బాధ చెప్పుకొంటినని విన్నవించినది. దైవమును క్షమింపుమని వేడుకొన్నది. చివర తన ఆత్మ గతి ఏమగునో అని ప్రశ్నింపబోయి, వాక్యము పూర్తి కాకుండగనే ఆపివేసినది. దాని క్రింద ఖాళీ బట్ట మాత్రమే ఉన్నది.

ఆ ఖాళీ చోటును చూచినవారు, ఆమె చచ్చిపోయినదేమో అని శంకించెడివారు. 1956లో ఆ బట్ట విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియము చేరినది. పిమ్మట మారీన్ డేలీ గాగిన్ అను పరిశోధకురాలు జనన మరణ దాఖలాలను, జనాభా పట్టికలను వెదకి, ఆ వాక్యము తరువాతి కథను కనుగొనెను. ఎలిజబెత్ చావలేదు. ఆష్‌బర్న్‌హామ్‌లోనే బడిపంతులమ్మ అయ్యెను. పెండ్లి లేకుండగనే సోదరి బిడ్డను పెంచెను. 76 ఏండ్లు బ్రతికి 1889లో కన్నుమూసెను. వ్రాయుట రాదని మొదలుపెట్టిన ఆ చేయి పిదప ఊరి పిల్లలకు అక్షరములు నేర్పినది. పరిశోధనమనగా దుమ్ము దులుపుట మాత్రము కాదు. ఆగిపోయిన వాక్యమునకు తరువాతి మాట వెదకుట కూడ.

2012లో న్యూయార్కున బెటీ రింగ్ సేకరించిన శాంప్లరులు వేలము వేయబడినపుడు, న్యూజెర్సీకి చెందిన మేరీ ఆంట్రిమ్ అను బాలిక 1807లో కుట్టినది పది లక్షల డాలర్లకు మించి పలికెను. ఆ పనితనము గొప్పది, సందేహము లేదు. కాని వెల చూచి విలువ కట్టువారికి ఎలిజబెత్ పార్కర్ ఎఱ్ఱ అక్షరములు కనబడవు. శాంప్లరులను శాస్త్రముగా చదివినవారు నేర్పినది ఇదియే: బట్ట సొగసు ఒక విలువ, దానిమీది పేరు మరియొక విలువ.

ఈ సూదిచదువు సముద్రములు దాటి మన దేశమునకును వచ్చినది. మిషను పాఠశాలలు ఎచ్చట వెలసెనో అచ్చట ఆడపిల్లలకు అక్షరముతోపాటు సూదిపని కూడ నేర్పబడెను. గోదావరి తీరమున 19వ శతాబ్దములో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో వేలకొలది స్త్రీల జీవనాధారమయ్యెను. జర్మనీ దేశపు విదుషీమణి మరియా మీస్ 1982లో ఆ స్త్రీలను గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, వారి శ్రమ తీరికవేళ కాలక్షేపముగా లెక్కింపబడి, కూలి ఎంత తక్కువగా ముట్టినదో లోకమునకు తెలిపెను. 2024లో ఆ అల్లికకు భౌగోళిక గుర్తింపు కూడ లభించెను. ఊరికి పేరు వచ్చినది. కాని శాంప్లరునకును ఈ లేసునకును ఒక భేదమున్నది. శాంప్లరు కుట్టిన పిల్ల అడుగున తన పేరు పెట్టుకొనినది. లేసు అల్లిన స్త్రీ పేరు ఏ లేసు మీదను లేదు. అంగడికి పోవు సరకు మీద పనివాని పేరు ఉండదు గదా! కావున వారి చరిత్ర వ్రాయబూనువారికి, శాంప్లరు పరిశోధకులకు దొరకిన మొదటి దారపుకొస కూడ దొరకదు.

గ్రామ గ్రంథాలయమునకు ఇందులో ఒక కర్తవ్యము కలదు. అది ధనముతో పని లేనిది. ఇండ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు చిన్ననాట కుట్టిన పనులు ఇంకను ఉన్నవి. తలగడ గలీబు మీది చిలుకల జంట, అద్దపు చట్రములో స్వాగత వాక్యము, పందిరిమంచపు లేసు అంచు మనకు తెలియనివి కావు. వానిని ఎండ తగులని చోట, పొడి బట్టలో చుట్టి ఉంచవలెను. చిరుగునని వెఱచి ఉతుకరాదు, ఇస్త్రీ చేయరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, కుట్టిన చేయి ఎవరిదో చెప్పగలవారు బ్రతికియుండగనే ఒక చీటీ మీద మూడు ముక్కలు వ్రాసి దానితో ఉంచవలెను: పేరు, ఊరు, సంవత్సరము. పండుగనాడు గ్రంథాలయపు గదిలో ఒక పూట వానిని పరచి చూపినచో, అదియే ప్రదర్శనశాల. ఆ చీటీలను ఒక పుస్తకములో ఎక్కించినచో, అదియే పరిశోధన.

లోరా స్టాండిష్ కాలమున ఆ చిన్నపిల్ల గుడ్డ మూడున్నర శతాబ్దములకు పైగా నిలుచునని ఎవ్వరును తలంచి యుండరు. ఎవరో ఒక ఇల్లాలు దానిని పారవేయక మడిచిపెట్టినది. తరువాతి ఇల్లాలు అట్లే చేసినది. పుస్తకములను కాపాడు గ్రంథాలయము చేయు పనియు అదియే. ఇరువదియైదేండ్లు పుస్తకముల పేర్లను పట్టికకెక్కించిన చేతులకు, ఊరి ఆడపడుచుల పేర్లను మరియొక పట్టికకెక్కించుట బరువు కాజాలదు.